యూరియా బస్తాల మీది డబ్బా

పోతనాళ

అమ్మకు, నాన్నకు దండాలు. నేను బాగానే ఉన్నాను. ఫోన్ చేస్తే ఏడుపొస్తుందని కార్డు రాస్తున్నాను.

గాలిలోని ధూళి ఎంత పుల్లగా ఉందో, అంటే అందులో ఆమ్లం ఎంతుందో కొలవడమే కదా నా ప్రాజెక్టు. ధూళి పట్టిన కాగితాల డబ్బాను నేనుంటున్న ఇంటి రామాబాయి అత్త యూరియా బస్తాల మీద పెట్టింది. “నేల తడిగుంది బిడ్డా, జర ఎత్తు మీద పెట్టిన” అన్నది. అమ్మోనియా ఘాటు తగిలి పులుపంతా విరిగిపోయింది. ఇప్పుడు కొలిస్తే ఈ ఊరి గాలి ఎంతో మంచిదని వస్తుంది!

సోమవారం మా ప్రాజెక్టు సార్ వస్తారు. కాగితాలు పాడయ్యాయనే చెప్తాను. ప్రాజెక్టు తీసేస్తారేమోనని అన్నం సయించడం లేదు.

అమ్మా, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా ప్రాణేశ్ మామతో పంపు. నాన్నకు దగ్గు తగ్గిందా? అత్త ఫోన్ చేస్తే ఈ సంగతి ఎత్తకండి. కాగితాలు భద్రమేనా అని రోజూ అడుగుతుంది. భద్రమే అంటున్నాను.

మీ స్ఫూర్తి