వానలో అమ్మను తెచ్చేటప్పుడు

ఏవండీ, కింద హాస్పిటల్ బస్సు హారన్ కొడుతోంది, నేను డ్యూటీకి పోతున్నా. ఈ చీటీ చదివాకే కారు తియ్యండి. అమ్మ విమానం పదకొండింటికి షార్జాలో దిగుతుంది. ఎనిమిది నెలల దుమ్మూ ఆయిలూ ఈ మొదటి వానకి నాని, రోడ్డు సబ్బు రాసిన బండలా ఉంది. నెమ్మదిగా వెళ్లండి. ముందు బండికి బాగా ఎడం ఉంచండి.

కారు జారితే బ్రేకు మీద ఎక్కి కూర్చోకండి. ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్యండి. వెనక భాగం ఎటు జారితే స్టీరింగ్ అటే మెల్లిగా తిప్పండి. చూపు మీరు వెళ్లాల్సిన దారి మీద ఉండాలి, మా అమ్మ మొహం మీద కాదు. ఆవిడ 'యేసయ్యా' అని కేకలు పెడుతుంది, పెట్టనివ్వండి.

"ముమ్మిడివరం బురదలో ట్రాక్టర్ తోలినోణ్ణి, నాకే చెబుతావా" అంటారని తెలుసు. అక్కడ బండి దిగబడితే నలుగురొచ్చి తోసేవారు. ఇక్కడ పక్క లైన్లో ట్రైలర్ లారీ ఉంటుంది.

ఇవన్నీ నీకెలా తెలుసంటారా? పోయిన జనవరి వానలో మన కారు నా చేతుల్లోనే గిర్రున తిరిగి డివైడర్‌కి కొట్టుకుంది. బంపరు సొట్ట అదే. పక్కనే టాక్సీ పెడతాడు కాబట్టి ఆయనే గుద్దాడని మీరు కింద ఫ్లాటు కలీం భాయ్ మీదికి పోయారు, నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు నన్ను ఇంటికి చేర్చి, ఇవన్నీ నేర్పింది ఆయనే. పాపం, మీ మాటలు పడ్డారే గానీ నా పేరు చెప్పలేదు.

మీ దయ

తా.క.: ఇవాళ కలీం భాయ్ టాక్సీకి సెలవు. వెళ్లి క్షమాపణ అడిగి, స్టీరింగ్ ఆయనకిచ్చి మీరు పక్కన కూర్చోండి. ఊళ్లో మాత్రం అల్లుడే తోలాడని చెప్పమని అమ్మకి చెబుతాలెండి.