గోడవైపు తిరిగి

హెస్లప్ గారికి,

మ్యూజియం ప్రదర్శనకు పెద్ద బంగళా జ్ఞాపకాలు రాయమన్నారు. దొరగారు చూడ్డానికి ఎలా ఉండేవారనీ అడిగారు. నాకు తెలియదమ్మా. ఆయన ఎదురుపడితే పనిమనుషులం గోడవైపు తిరిగి నిలబడాలి, అదీ ఆ ఇంటి పద్ధతి. గోడకంటించిన కాగితం మీది నెమళ్లు మాత్రం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి.

మా చెల్లెలు ఇడాను ఆయన వెంటబెట్టుకెళ్లిన సాయంత్రం కూడా నేను గోడవైపే ఉన్నాను. ఆయన చేతికర్ర చప్పుడు, వెనకే ఇడా అడుగులు, ఆపైన చెరువువైపు తలుపు తెరుచుకోవడం విన్నాను. మర్నాడు చెరువులో ఇడా శవమై తేలింది.

విచారణలో అధికారి, "కళ్లారా చూశావా?" అన్నాడు.

"చేతికర్ర చప్పుడు విన్నానండీ."

"చూడలేదు కదా, ఇక కూర్చో."

ప్రదర్శనలో ఆయన ఫొటో పెడుతున్నారట. నాకూ ఒకటి పంపండి. చచ్చేలోగా ఆ మొహం ఒక్కసారి చూడాలి.

ఇడా వాళ్ల అక్క