ఆపిల్ తోటలో మా నాన్న

నాన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. పొద్దున్నే అమ్మ పెదకాకాని గుడికి వెళ్లొచ్చింది. నేను మాత్రం కంప్యూటర్ ముందే కూర్చున్నాను. విదేశీ విద్యార్థులకు ఇంటర్నెట్‌లో వ్యాసాలు అమ్మే కంపెనీకి ఇంట్లోంచే రాస్తున్నాను.

పోయిన వారం ఒకమ్మాయికి కాలేజీ సీటు కోసం వాళ్ల నాన్న గురించి రాయమన్నారు. ఆయన సంగతి నాకేం తెలుసు? నీ గురించే రాశాను. కల్లంలో మిరపకాయలు ఏరి వచ్చి, అరచేయి తగిలితే మండుతుందని నా బుగ్గను మణికట్టుతో నిమిరేవాడివి. అది రాశాను. నువ్వు పోయిన రోజు గురించీ రాశాను.

ఇవాళ ఎడిటర్ మేడమ్ ఫోన్ చేసింది.

"చాలా బాగుందండీ. కానీ వాళ్ల నాన్న బతికే ఉన్నారు, చివర మార్చేయండి. మిరపకాయలు తీసేసి ఆపిల్ తోట పెట్టండి."

మార్చాను. ఆపిల్స్ కోస్తే చేతులు మండవు కాబట్టి మణికట్టు మాట కొట్టేశాను. డాక్టర్ల వల్ల కాలేదు గానీ, నేను నిన్ను రెండు వాక్యాల్లో బతికించాను.

వంటింట్లోంచి అమ్మ అడిగింది.

"ఏం రాస్తన్నావే?"

"నాన్న గురించమ్మా."

"పేరేశావా?"

"వేశానమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నాన్న పేరు వేశాను.