బరువు పెడితే లేచే బండి

ట్రూచాస్,
ఈస్టర్ తరువాతి గురువారం.

చిరంజీవి ఒనోఫ్రేకు నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ, మీ అమ్మా క్షేమం. నడిసముద్రంలో నువ్వూ క్షేమమని తలుస్తాను.

పనామా రేవు ముద్రతో నీ ఉత్తరం అందింది. మీ అమ్మ రెండుసార్లు చదివించుకుంది. అడిగినవాటికి చెబుతాను. ఆప్రికాట్ పూత మంచుకు సగం రాలింది, సగం నిలిచింది. కుక్క బాగానే ఉంది, చెవుడు వచ్చింది. ఈస్టర్ ముందు ఉపవాసాలకు చేసే మొలక గోధుమల పాయసం, పనోచా, మీ అమ్మ ఈ ఏడూ వండింది. నీ పేరు చెప్పి పక్కకు తీసిన గిన్నెను పక్కింటి సెలెడోన్ ఖాళీ చేశాడు.

ఇక నీ కారు బండి సంగతి.

"నాన్నా, వెనక భాగం నేలకు దగ్గరగా నువ్వే దించు. వేరేవాళ్ళ చెయ్యి పడొద్దు. మే నెలలో నేను రాగానే ఇద్దరం ఎస్పన్యోలా వీధిలో నెమ్మదిగా తిప్పుదాం" అని రాశావు. ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను.

మా రోజుల్లో డిక్కీలో సిమెంటు బస్తాలు వేస్తే బండి దిగేది. సిగరెట్ పెట్టె నిలువుగా పెట్టి చూసేవాళ్ళం. బండి కింద అది దూరకపోతే దించినవాడికి పేరు. నీ బండిలో నాలుగు బస్తాలు వేశాను. వాకిట్లో చక్కగా కూర్చుంది. పోస్టాఫీసు దాకా వెళ్ళి వచ్చేసరికి వెనక భాగం మళ్ళీ లేచి ఉంది. బస్తాలు ఎవరైనా దింపుకున్నారేమోనని డిక్కీ తెరిచాను. నాలుగూ ఉన్నాయి.

సెలెడోన్ గోడ మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు.

"ఏం బావా, బరువేస్తే గాడిదైనా నడుం వంచుద్ది. నీ బండేంది, పెళ్ళికొడుకులా నిక్కి నిలబడింది?"

"స్ప్రింగు గట్టిది."

"స్ప్రింగు గట్టిదా, నువ్వు మెత్తబడ్డావా? మా అమ్మాయి సులేమాని అడగరాదూ. దాని రిపేరు షెడ్డుకి రోజూ ఇట్టాంటి బళ్ళే వస్తాయి."

అడగలేదు. ఈ లోయలో సగం బళ్ళు దించినవాణ్ణి. నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల దగ్గరికి వెళ్ళి నాకు తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

బస్తాలు తీసేసి, వెనక స్ప్రింగులు రెండూ ఒక్కొక్క చుట్టు కోశాను. దిగింది. వంతెన దాకా పోయి వచ్చేసరికి లేచింది. ఇంకో చుట్టు కోశాను. మళ్ళీ దిగింది, మళ్ళీ లేచింది. అక్కడైనా ఆగాల్సింది.

అది పోయిన వారం గురువారం. మర్నాడు గుడ్ ఫ్రైడే. నువ్వు ఓడ దిగి క్షేమంగా ఇల్లు చేరాలని, చిమాయో గుడికి నడిచి వస్తానని మీ అమ్మ మొక్కుకుంది. మోకాలు సహకరించదు కనుక ఆఖరి మైలు మాత్రం నడవాలని, అంతదాకా నేను దింపాలని అనుకున్నాం. నా పాత ట్రక్కు బ్యాటరీ చచ్చి ఉంది. నీ బండే తీశాను.

దారి నీకు తెలుసు. కుడి అంచున గుడికి నడిచిపోయే జనం, గుంపులు గుంపులుగా. మెల్లగానే తోలుతున్నాను. వెనక నుంచి టక్, టక్ అని వినిపిస్తోంది.

"ఏమయ్యా, ఆ చప్పుడేంటి?"

"డిక్కీలో జాకీ."

"జాకీ అట్లా కొట్టుకోదు."

మీ అమ్మ జపమాల తీసింది.

రెండో మలుపు దాటాక రోడ్డు పల్లంలో పడి లేస్తుంది కదా. అక్కడ వెనక చక్రం కిందికి వేలాడింది. పెద్ద చప్పుడు. ఎడమ స్ప్రింగు దాని గూట్లోంచి ఊడి చక్రానికి అడ్డం పడింది. బండి వెనక భాగం జనం వైపు ఊగింది. ముందు ఒకతను కొయ్య సిలువ మోస్తున్నాడు. అతని వెనక ఒకామె చంటిబిడ్డను తోపుడుబండిలో తోసుకుపోతోంది. ఆమె తిరిగి చూసింది. ఎడమవైపు తిప్పుదామంటే ఎదురుగా కట్టెల లారీ ఎక్కి వస్తోంది. లారీ దాటేదాకా స్టీరింగు బిగబట్టాను. ఎంతసేపో చెప్పలేను. దాటిన మరుక్షణం బండిని అవతలి కొండగట్టుకు కొట్టించాను.

జనంలో ఎవరికీ ఏమీ కాలేదు. దేవుడికి దణ్ణం.

ఇద్దరం క్షేమం అని పైన రాశాను. అది పూర్తి నిజం కాదు. మీ అమ్మ ఎడమ మణికట్టు విరిగింది. ఇప్పుడు పిండికట్టు వేశారు, ఆరు వారాలన్నారు. ఆస్పత్రికి పోదామంటే ఆ రోజు వినలేదు. "విరిగింది చెయ్యి, కాలు కాదుగా" అని శాలువతో చెయ్యి మెడకు వేలాడగట్టుకుంది. ఒక మైలు కాదు, మూడు మైళ్ళు నడిచింది. నేను వెనకాల నడిచాను. గుడి దాకా నా వైపు చూడలేదు.

బండిని సులేమా తన షెడ్డుకు లాక్కెళ్ళింది. కింద దూరి చూసి బయటికి వచ్చింది.

"మావయ్యా, ఈ షాక్ అబ్జార్బర్లు వాటంతటవే బండిని లేపుతాయి. వెనక బరువు పడిందంటే, బండి కాస్త దూరం పోయేసరికి లోపల పంపు కొట్టుకుని పాత ఎత్తుకి తెచ్చేస్తాయి. నువ్వు స్ప్రింగు కోస్తే దానికీ బరువు పడ్డట్టే లెక్క. బరువంతా అవే మోశాయి. పన్లేని స్ప్రింగు ఊరికే వేలాడింది. ముందు ఈ షాకులు తీసేసి మామూలువి వెయ్యాలి, వాటికి తగ్గ స్ప్రింగులు వెయ్యాలి. ఒక్క మాట అడిగితే పోయేదా?"

"ఏమని అడగను?"

"'సులేమా, ఇదెందుకు దిగట్లేదు' అని. మూడు ముక్కలు. నీకు మూడంటే ఎక్కువేలే."

రెండు రోజులు ఆమె పని చేసింది, నేను లైటు పట్టుకున్నాను. బండి దిగింది. తిప్పి తెచ్చినా లేవలేదు. సిగరెట్ పెట్టె దూరదు. గట్టుకు తగిలిన సొట్ట మాత్రం అలాగే ఉంది.

ఒనోఫ్రే, అసలు రాయాల్సింది ఇంకా రాయలేదు.

శుక్రవారం తెల్లవారగానే, బయలుదేరే ముందు బండికి జాకీ వేశాను. చక్రం వేలాడగానే ఎడమ స్ప్రింగు నా చేతిలో గిర్రున తిరిగింది. దానికి పట్టు లేదని అప్పుడే తెలుసు. తీగ తెచ్చి కట్టాను. నిలవదని కట్టిన చేతులకే తెలుసు. మీ అమ్మకు చెప్పలేదు. చెబితే నీకు తెలుస్తుంది, నాన్నకు ఇక చాతకాదని. నీ కాగితం జేబులో ఉంది. ఆమె ప్రాణం కంటే, దారిన పోయే బిడ్డల కంటే నాకు అదే ఎక్కువైంది.

తీగ ముక్క సులేమా చూసింది. నా వంక చూసింది. కత్తిరించి జేబులో వేసుకుంది. ఎవరికీ చెప్పలేదు.

కవరు ఇంకా అంటించలేదు. ముందు మీ అమ్మకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
నీ ముందు తల వంచిన
నాన్న ఎలిసేయో.

తా.క. చదివాను. తీగ దగ్గర ఆపమంది.

"ఏ తీగ?"

"కోళ్ళ గూటిది."

పిండికట్టు చెయ్యి ఒళ్ళోకి సర్దుకుంది. తరువాత, "వారం నుంచి కోళ్ళు బయటపడుతుంటే ఆ చెవిటి కుక్కను తిడుతున్నాను" అంది. ఇంకాసేపటికి, "నన్ను ఎక్కించుకునేముందు ఒక్క ముక్క చెప్పలేకపోయావా? మన పెళ్ళయి నలభై రెండేళ్ళు" అంది.

దీపం దగ్గరికి జరిగి, రాయమంది. మే నెలలో బండి నువ్వే తోలాలట. నేను వెనక సీట్లో ఆమె పక్కన కూర్చోవాలట. "నీ బరువుకి లేస్తదో, దిగుతదో చూద్దాం" అంది.

రేపు గూడు బాగుచేయాలి. తీగ లేదు. సులేమాను అడుగుతాను.