గంటసేపు కాలాల్సిన అగరుపొడి

అక్కా, కంగారు పడకు, పత్రికలో పని వదిలేసిన నీ తమ్ముడికి రెండేళ్ల ఉద్యోగం ఖాయమైంది. మధ్యయుగపు జపాన్‌లో కాలాన్ని ఎలా కొలిచేవారన్న మా పరిశోధన సోమవారం మొదలైంది. వాళ్లలాగే గంటకు సరిపడా అగరుపొడిని గీతగా పోసి ప్రారంభ సభలో వెలిగించాం. ఫ్యాను ఆపడం నేనే మరిచాను. ముప్పై అయిదు నిమిషాలకే గీతంతా కాలిపోయింది. ప్రసంగం మధ్యలో ఉన్న ప్రొఫెసరు గారు బూడిద చూసి, "నా టైము అయిపోయిందన్నమాట" అని కూర్చున్నారు. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. డీన్ గారు నవ్వాపుకుంటూ, "ఇకమీదట ప్రతి సభకూ ఫ్యాను సంగతి నువ్వే చూసుకోవయ్యా" అని నా నియామక కాగితం మీద సంతకం పెట్టారు.

నా స్వెట్టరు పంపు. కుట్టుమిషను బాగయిందా? పిల్లలను దీవించానని చెప్పు. గడప మీద నీడ చూసి భోజనానికి లేస్తారని బావగారిని ఇక దెప్పకు. ఏ నెలలో ఎన్నింటికి లేస్తున్నారో రాసి పెట్టు, నాకు పనికొస్తుంది.

నీ తమ్ముడు