అరటాకు దగ్గర చోటు

డేలీ సిటీ ఫిలిప్పీనో వంటింటి మహారాణి, మా బామ్మ లోలా కోరింగ్ గారి సముఖానికి,

లోలా, నీ పుట్టినరోజున బల్ల పొడవునా అరటాకులు పరిచి అన్నం రాశిపోస్తావు. అందరూ చుట్టూ చేరి చేత్తో తింటారు. నాకు మాత్రం పేరు రాసిన పళ్ళెం! నాకు పుట్టుకతోనే హెచ్ఐవీ ఉందని అమ్మ నీకు చెప్పిన రోజు నుంచి, పదేళ్ళుగా ఇదే రాజమర్యాద. కలిసి తింటే అది అంటదని కాలేజీ పండితుడిగా మనవి చేస్తున్నాను.

ఈసారి డిండో కూడా వస్తున్నాడు. నువ్వు "నీ ఫ్రెండు" అంటావే, ఆ నా ప్రియుడే. పళ్ళెం సంగతి చెబితే, "దాని మీద నా పేరు కూడా రాయమనరా, ఇద్దరం అందులోనే తిందాం" అన్నాడు. తిండిపోతు వెధవ, నాకేం మిగల్చడు.

అందుకే ఆకు దగ్గర చోటివ్వు లోలా. చిన్నప్పటిలా అన్నంలో అడోబో మాంసం కూర కలిపి ఒక్క ముద్ద పెట్టు.

ఈసారి వేలు కొరకను, ఒట్టు.

నీ మనవడు