రాక్షసి కనుబొమ

మావయ్యకి నమస్కారాలు.

మా పిల్లల పుస్తకానికి మీరు గీసిన పెన్సిల్ బొమ్మలు అందాయి. కథలో రాక్షసి పిల్లల్ని మింగాలి కదా, మీ రాక్షసిని చూడగానే మా ఎడిటరుగారు వెళ్ళి చేతులు కడుక్కొచ్చారు. భయం వెయ్యట్లేదట, బుద్ధిగా ఉండాలనిపిస్తోందట. గీతలు కూడా మసకగా ఉన్నాయి, ఇంకుతో దిద్దమంటున్నారు. లేదంటే పుస్తకం ఇంకొకరికి ఇచ్చేస్తారట.

మీ మేనకోడలు

తా.క. ఆ చూపు నేనెక్కడో చూశాను.

అమ్మాయ్,

ఇంకు వేస్తే మొహం కొయ్యబారిపోతుంది. ఆ కనుబొమ చూడు. మొదట్లో పెన్సిల్ నొక్కాను, చివర చెయ్యి తేలిగ్గా వదిలేశాను. కోపం మొదట్లో ఉంది, జాలి చివర ఉంది. ఇంకుకి అలా వదలడం చేతకాదు. సరే, మీ ఎడిటరు కోసం చివరిదాకా నొక్కి ఇంకోటి గీశాను. నాకు మాత్రం నచ్చలేదు.

మీ మావయ్య

తా.క. చూసే ఉంటావు. మీ అత్తయ్య బఠాణీలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని గీశాను. మొహంలో కోపం రావాలని, గొడుగు పోగొట్టానని అబద్ధం కూడా చెప్పాను. తనని రాణిగా గీస్తున్నాననుకుంటోంది. నోరు జారకు.

మావయ్యకి,

కొత్త బొమ్మ చూసి ఎడిటరుగారు వాళ్ళమ్మకి క్షమాపణ ఉత్తరం రాసుకున్నారు. అయినా ఇంకు పట్టు వదల్లేదు. దిద్దడానికి బొమ్మలన్నీ వెనక్కి పంపిస్తున్నాం.

మీ మేనకోడలు

తా.క. నేను నోరు జారలేదు. కాకపోతే పగలు ఇంట్లో ఉండి పోస్టు అందుకుని సంతకం పెట్టేది అత్తయ్యే కదా అని, ఆఫీసువాళ్ళు కవరు మీద ఆవిడ పేరు రాసేశారు.

అమ్మడూ,

కవరు అందింది. మీ మావయ్య పెరట్లో ఉన్నారు, లోపలికి రావడానికి ధైర్యం చాలట్లేదు.

బఠాణీలు ఒలిచే రాణి ఎక్కడైనా ఉంటుందా? మొదటిరోజే తెలుసు నాకు. గొడుగు తలుపు వెనకే ఉంది. అయినా పాపం బొమ్మకి పనికొస్తుందని మనస్ఫూర్తిగా తిట్టాను. కాబట్టి ఆ మొహంలో సగం కష్టం నాది.

మొదటి బొమ్మలో కనుబొమ చివర చూశాను. నా కోపం చివరిదాకా ఉండదని ఇన్నేళ్ళూ నోటితో అనని మనిషి, పెన్సిల్‌తో ఒప్పుకున్నారు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. పుస్తకంలో అదే రావాలి, పెన్సిల్‌తోనే రావాలి. దాని మీద ఇంకు చుక్క పడితే నేనే స్వయంగా ఆఫీసుకొస్తానని మీ ఎడిటరుతో చెప్పు.

మీ అత్తయ్య

తా.క. రెండో బొమ్మ కూడా ఇందులోనే పెడుతున్నాను. ఒప్పుకోకపోతే ఎలా వస్తానో చూపించు.